టెరిటోరియల్ ఆర్మీ రిక్రూట్ ట్రైనింగ్‌కు పోతున్న, ముందుగాల ఏం నేర్చుకోవాలె?

జనగామ మొబైల్స్:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జనగామ దగ్గర ఒక పల్లె. బస్టాండు ఎదురుంగ మొబైల్ రిపేర్ దుకాణం నడుపుత. వయసు 29. పెండ్లయింది, రెండేండ్ల బిడ్డ ఉంది. టెరిటోరియల్ ఆర్మీ (టీఏ, అంటే ఇంటి పని చేసుకుంటనే పిలిచినప్పుడు పోయే సైన్యం) ఇన్‌ఫెంట్రీ బెటాలియన్ల సోల్జర్ జనరల్ డ్యూటీకి సెలెక్ట్ అయిన. ర్యాలీల మైలు పరుగు, 9 అడుగుల గుంత దుంకుడు, పుల్ అప్స్, మెడికల్, అన్నీ గట్టెక్కినయి. ఇంకో రెండు నెలలకు ట్రైనింగ్‌కు రమ్మని కాయితం వచ్చింది.

మా ఊర్ల ఇంతకుముందు టీఏల చేరినోళ్లు ఎవ్వరు లేరు. దోస్తులను అడిగితే “ధోనీ లెక్క నువ్వు కూడ కర్నల్ అయితవా” అంటున్నరు గాని, లోపల ఏం నేర్పిస్తరో చెప్పేటోళ్లు లేరు. నేను తుపాకి ముట్టింది లేదు, ఎన్‌సీసీ కూడ చెయ్యలె. బూట్లు కూడ పెద్దగ ఎన్నడు వెయ్యలె, దుకాణంల పొద్దంత చెప్పులే. హిందీ అంటే హైదరాబాద్ హిందీ వచ్చు, “కైకూ”, “నక్కో” దాకా. అక్కడ అన్నీ హిందీలనే చెప్తరంట గదా.

ఈ రెండు నెలలు ఏం ప్రాక్టీస్ చెయ్యాలె? ట్రైనింగ్‌ల ఏది కష్టం? చేసి వచ్చినోళ్లు ఎవరన్న ఉంటే జర వివరంగ చెప్పుండ్రి.

గజ్వేల్ క్యాడెట్:

అన్నా, కంగ్రాట్స్. రోజు పది కిలోమీటర్లు ఉరుకు, వంద పుష్‌అప్స్ కొట్టు. ఫిజికల్ ఉంటే అన్నీ అవే వస్తయి. నాకు ఎన్‌సీసీ ‘సీ’ సర్టిఫికెట్ ఉంది. డ్రిల్ అంటే భయం పెట్టుకోకు, మూడు రోజులల్ల వస్తది.

హవల్దార్ గజపతినగరం:

తమ్ముడూ, ముందుగా అభినందనలు. నేను విజయనగరం జిల్లా వాణ్ని. ఇంటి దగ్గర మూడెకరాల వ్యవసాయం చేసుకుంటూ టీఏ ఇన్‌ఫెంట్రీలో హవల్దార్ దాకా వచ్చి బయటికొచ్చాను. చివరి ఏళ్లలో కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి వెపన్ ట్రైనింగ్ చెప్పేవాణ్ని. అందుకే నీ పోస్టు చూసి ఊరుకోలేకపోయాను.

పైన క్యాడెట్ బాబు చెప్పిన పరుగు మంచిదే. కానీ ర్యాలీలో నెగ్గినవాడికి పరుగుతో పెద్ద చిక్కు రాదు. అసలు చిక్కు రోజులు తక్కువ కావడం. అగ్నివీర్‌గా వెళ్లినవాడికి ఆరేడు నెలల ట్రైనింగ్ ఉంటుంది. మనకి మొదట బేసిక్ ట్రైనింగ్, ఆ తర్వాత ఏటా రెండు నెలల క్యాంపు. మిగతా కాలమంతా మన దుకాణం, మన పొలం. నీకెన్ని రోజులిచ్చారో, ఎక్కడికి రమ్మన్నారో కాయితంలో ఉన్నదే లెక్క. ఎన్ని ఇచ్చినా సరిపోయినట్టుండదు. ఆ తక్కువ రోజుల్లో సగం కాళ్ల బొబ్బలకీ, కమాండ్ అర్థం కాక పక్కవాడి ముఖం చూడ్డానికీ పోతే, రైఫిల్‌కి మిగిలేది ఏమీ ఉండదు. ఇంటి దగ్గర చేసుకోగలిగినదంతా ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని వెళ్లు. ఇంటి దగ్గర కుదరని పని రైఫిల్ ఒక్కటే. అక్కడి రోజులు దానికి దక్కాలి.

కాళ్ల సంగతి ముందు చెప్తాను, అందరూ తేలిగ్గా తీసేసేది అదే. అక్కడ డీఎంఎస్ బూటు ఇస్తారు. గట్టి తోలు, మడమ దాటి పైకి వస్తుంది. చెప్పులకి అలవాటు పడిన పాదం ఒక్కసారిగా అందులోకి దూరితే రెండో రోజుకల్లా మడమ వెనకా, చిటికెన వేలి పక్కనా బొబ్బలు తేలతాయి. రేపే ఒక జత మడమ దాకా వచ్చే బూట్లు కొనుక్కుని, మందపాటి సాక్సు వేసి, దుకాణానికి వాటితోనే వెళ్లు. మొదట గంట, తర్వాత పూట, తర్వాత రోజంతా. వారం తర్వాత వాటితోనే నడక, ఆ తర్వాత మెల్లగా పరుగు. గోళ్లు గుండ్రంగా కాదు, తిన్నగా కత్తిరించు. బొబ్బ వస్తే పై తోలు లాగెయ్యకు. చెమటకి తడిసిన సాక్సు సాయంత్రం దాకా కాలికి ఉంచుకోకు. క్యాడెట్ చెప్పిన పది కిలోమీటర్లు కూడా అవసరం లేదు. మా రోజుల్లో బీపీఈటీ అనే ఒంటి సత్తువ పరీక్షలో రైఫిలూ, వీపు మీద బరువూ పెట్టుకుని 5 కిలోమీటర్లు పరిగెత్తించేవాళ్లు. అదే కొలతగా పెట్టుకో. ఖాళీగా ఐదు హాయిగా వచ్చాక బ్యాగులో కాస్త కాస్త బరువు పెంచు. మోకాళ్లు పాడుచేసుకుని వెళ్తే అక్కడ ఎవరూ బాగుచెయ్యలేరు. దానికితోడు తాడు ఎక్కడం నేర్చుకో. మీ ఊళ్లో చింతచెట్టు కొమ్మకి మోకు కట్టుకున్నా చాలు.

హిందీ గురించి. నీ హైదరాబాద్ హిందీ అన్నం పెట్టించుకోడానికీ, స్నేహాలకీ పనికొస్తుంది. డ్రిల్‌కి కావాల్సింది ఒక ముప్ఫై మాటలు, అంతే. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ (కుడికి తిరుగు), బాయేఁ ముడ్ (ఎడమకి), పీఛే ముడ్ (వెనక్కి), తేజ్ చల్ (వడిగా నడువు), థమ్ (ఆగు), దౌడ్ కే చల్ (పరుగు), ఖులీ లైన్ చల్ (వరసలు ఎడం చెయ్యి), నికట్ లైన్ చల్ (వరసలు దగ్గర చెయ్యి). ఇవి అర్థం తెలిస్తే చాలదు, చెవిన పడగానే కాలు కదలాలి. బుర్రలో తెలుగు చేసుకుని తిరిగేలోపు స్క్వాడ్ మొత్తం తిరిగిపోతుంది. మీ ఆవిణ్ణో తమ్ముణ్ణో పిలవమని, వాకిట్లో రోజూ పావుగంట చెయ్యి. ఇంకోటి, గిన్‌తీ. “గిన్‌తీ కర్” అనగానే వరసలో నీ నంబరు నువ్వు అరవాలి. మన తెలుగు కుర్రాళ్లు ఉన్నీస్, ఉంతీస్, ఉంతాలీస్ (19, 29, 39) దగ్గర ఆగిపోతారు. యాభై దాకా ముందుకీ వెనక్కీ నోటికి రావాలి. రోల్ కాల్‌లో పేరు పిలిస్తే “హాజిర్ శ్రీమాన్”. ఇంత వస్తే మొదటి వారం సగం గెలిచినట్టే.

ఇక రైఫిల్. మేము నేర్చుకున్నదీ, నేను నేర్పిందీ ఇన్‌సాస్ మీద. 5.56 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 20 రౌండ్లు, బరువు నాలుగు కిలోల పైన. చేతికిచ్చిన తొలి గంటలోనే గుండు పేలుస్తామనుకుంటారు కుర్రాళ్లు. చాలా రోజులు గుండు కంటికి కూడా కనపడదు. ఖోల్‌నా జోడ్‌నా, అంటే విప్పడం, కట్టడం. మ్యాగజైన్ తియ్యాలి, ఛాంబర్ కళ్లతో చూడాలి, పైకవరు, రికాయిల్ స్ప్రింగు, పిస్టన్‌తో ఉన్న క్యారియర్, ఒక్కోటి తీసి గ్రౌండ్‌షీట్ మీద వరసగా పెట్టాలి. తీసిన వరసకి తిరగేసి కట్టాలి. మొబైల్ విప్పి స్క్రూలు వరసగా పెట్టుకునే చెయ్యి నీది, నీకు ఇది అందరికంటే ముందు వస్తుంది. పుల్‌త్రూలో, అంటే శుభ్రం చేసే తాడులో, చిందీ (గుడ్డ పీలిక) పెట్టి బ్యారెల్ లాగడం, ఎంత నూనె రాయాలి, ఎంత తుడవాలి, ఇదంతా చాదస్తం అనుకోకు. మన దేశంలో దుమ్ముకీ చెమ్మకీ ఆయుధం జామ్ కావడానికి ఒక్క రాత్రి చాలు.

ఆ తర్వాత పోజిషన్, పకడ్ (పట్టు), శిస్త్ (గురి), ట్రిగర్. నేల మీద బోర్లా పడుకుని, చెంప బట్ మీద ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపి, వేలి మొదటి కణుపుతో నెమ్మదిగా నొక్కడం. బ్యారెల్ కొస మీద ఒక రూపాయి నాణెం పెడతాం. ఖాళీ రైఫిల్ ట్రిగర్ నొక్కినా నాణెం కదలకూడదు. కుర్రాళ్లు దీంతో విసిగిపోతారు. నేను వదిలేవాణ్ని కాదు, ఎందుకంటే టీఏ వాడికి అసలు రౌండ్లు కాల్చే అవకాశం తక్కువ. రేంజికి వెళ్లిన రోజు ఐదు రౌండ్ల గ్రూపింగ్ చేతిలోకి వస్తుంది, ఆ ఐదూ ఒకే చోట కూర్చోవాలి. బుల్‌కి, అంటే టార్గెట్ నడిబొడ్డుకి, దూరంగా పడ్డా ఫరవాలేదు, సైట్లు సరిచేస్తారు. చెల్లాచెదురుగా పడ్డాయంటే తప్పు రైఫిల్‌ది కాదు, చేతిది.

రేంజిలో ఒక సాయంత్రం చెప్తాను. ఫైరింగ్ అయిపోయింది, ఖాళీ ఖోకాలు, అంటే పేలిన గుండ్ల తొడుగులు, లెక్కపెట్టాం. ఒకటి తక్కువ. లారీ ఎదురుచూస్తోంది, లంగర్‌లో వంట చల్లారిపోతోంది. ఫైరింగ్ పాయింటు వెనక మోకాలెత్తు గడ్డి. అందరం మోకాళ్ల మీద కూర్చుని, భుజానికి భుజం ఆనించి, వేళ్లతో గడ్డి దువ్వుకుంటూ పోయాం. చీకటి పడే వేళకి ఒక కుర్రాడి సాక్సుకీ బూటుకీ మధ్య దొరికింది. చిటికెన వేలంత ఇత్తడి ముక్క. ఆ రోజు ఎవరినీ ఎవరూ తిట్టలేదు. “ఖాళీ ఖోకాకే ఇంత వెతికారు, లైవ్ రౌండు అయితే?” అని ఒక కుర్రాడు అడిగాడు. రేంజ్ మొత్తం ఆగిపోతుంది, దొరికే దాకా ఎవరూ కదలరు అని చెప్పాను. తుపాకీ నేర్పడం అంటే మాకు సగం ఈ లెక్కే. జాంచ్ శస్త్ర్ అనగానే బోల్టు లాగి చూపించడం, ఖాళీ రైఫిల్ అయినా మనిషి వైపు గొట్టం తిప్పకపోవడం. ఇందులో మాత్రం మాఫీ లేదు, ఉండకూడదు.

తర్వాత ఫీల్డ్‌క్రాఫ్ట్. దూరం అంచనా వెయ్యడం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. మీ ఊరి గ్రౌండ్‌లో టేపుతో 100 మీటర్లు కొలిచి, అంత దూరంలో మనిషి ఎంత కనపడతాడో కంటికి పట్టించు. 200, 300 అలాగే. ఎండ నీ వెనక నుంచి పడుతుంటే వస్తువు దగ్గరగా అనిపిస్తుంది, మధ్యలో చెరువో లోయో ఉన్నా అంతే. ఎండ కళ్లలో కొట్టినా, మసక వెలుతురైనా, నువ్వు పడుకుని చూస్తున్నా దూరంగా అనిపిస్తుంది. ఇది చదివితే రాదు, చూస్తేనే వస్తుంది.

చివరిగా సంత్రీ డ్యూటీ, అంటే కాపలా. దీన్ని కుర్రాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకది బాధ. రెగ్యులర్ ఆర్మీని కాపలా పనుల నుంచి తప్పించి ముందుకు పంపడానికే టీఏ ఉంది. మనకి పడే పనిలో పెద్ద భాగం అదే. నీ దోస్తులు ధోనీ పేరెత్తారు కదా, ఆయనకి 2011లో ఇచ్చింది గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా. అయినా 2019లో 106 టీఏ పారా బెటాలియన్‌తో కాశ్మీర్ వెళ్లి చేసింది పెట్రోలింగ్, గార్డు, పోస్టు డ్యూటీ. రాత్రి రెండు గంటలప్పుడు పోస్టులో నిలబడ్డప్పుడు తెలుస్తుంది అది ఎంత పనో. వెలుతురులోంచి వచ్చిన కన్ను చీకటికి అలవాటు పడ్డానికి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ చూశావంటే మళ్లీ మొదటికే. చీకట్లో వస్తువుని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే కనపడుతుంది. కంచె అవతల ఏదో కదిలితే అది గేదో మనిషో తేల్చుకునే దాకా నీ గుండె చప్పుడే నీకు వినపడుతుంది. అప్పుడు “థమ్! కౌన్ ఆతా హై” (ఆగు! ఎవరు వస్తున్నది) అని గొంతు వణక్కుండా అరవాలి. లోపల పడుకున్న వందమంది నిద్ర నీ మీద ఉంది. ఆ క్లాసు రోజు నిద్రపోకు, దయచేసి.

రగ్‌డా, అంటే శిక్షగా చేయించే కసరత్తు, ఉంటుంది, దాయను. ఆలస్యమైతే ఫ్రంట్ రోల్ చేయిస్తారు, దుమ్ములో పాకిస్తారు. ఒకడి తప్పుకి సెక్షన్ (మన చిన్న జట్టు) అంతా చెయ్యాలి. మనసుకి తీసుకోకు. నేర్పే ఉస్తాద్‌కి నీ మీద కక్షేమీ ఉండదు.

జనగామ మొబైల్స్:

అన్నా, దండాలు. ఇది చదువుకుంట రెండు కస్టమర్లను కూసోబెట్టిన. బూట్లు ఇయ్యాల్లనే తెస్త. గిన్‌తీ మా ఆమెతోని మొదలు పెట్టిన, ఆమెకు నాకంటే మంచిగ వస్తుంది.

ఇంకో రెండు అడుగుత. ఒకటి, 2025 మే నెలల యుద్ధం మాట వచ్చినప్పుడు టీఏ వాళ్లను పిలుస్తరని టీవీల వచ్చింది. అప్పటి నుంచి మా ఆమె “నెల పోయి వస్త అంటివి, సరిహద్దుకు పంపుతరా” అని గుబులు పడుతుంది. ఆమెకు ఏం చెప్పాలె? రెండోది, నాకు ఎడమ కన్ను ఒక్కటే మూసుడు రాదు. మూస్తే రెండూ మూసుకుంటయి. మైక్రోస్కోపుల గూడ రెండు కండ్లతోనే చూస్త. ఫైరింగ్‌ల ఎట్ల?

నంద్యాల పద్మ:

తమ్ముడూ, మీ ఇంటామె అడిగినదానికి నేను చెప్తా. మా ఆయన టీఏలో జవాను. నంద్యాలలో మాకు కిరాణా అంగడి ఉంది. ఆయన క్యాంపుకు పోతే అంగడి నేనే చూసుకుంటా.

ఏమీ కాదులే అని మాత్రం ఆమెకు చెప్పొద్దప్పా. పిలిస్తే పోవాల్సిందే అని చెప్పు, ఎట్లా పోవాలో, ఇల్లు ఎట్లా నడవాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. గుబులు సగం తెలియకపోవడం వల్లనే వస్తుంది. ఆ మేలో ఆ వారం నేను రాత్రిళ్లు టీవీ ముందర నుంచి లేచింది లేదు. కానీ కాగితాలన్నీ ఒక సంచిలో ఉన్నాయి, బ్యాంకు నా చేతిలో ఉంది, గోడౌన్ బాకీలు నాకు తెలుసు, ఆ ధైర్యం ఒకటి ఉండె.

నువ్వు పోయేలోపల ఇవి చెయ్. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా పెట్టు. యూనిట్‌లో చేరినప్పుడు నామినేషన్ రాయిస్తారు, ఆమె పేరు ఆధార్‌లో ఎట్లుందో అట్లనే రాయించు. పెళ్లి, బిడ్డ పుట్టింది, రెండూ పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే యూనిట్ రాసే నీ రికార్డులో, ఎక్కాల. అది ఎక్కకపోతే రికార్డుల్లో నువ్వు పెళ్లికానోడివే. మా ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉందని ఎంత తిరిగినామో! బిడ్డ బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్ నకళ్లు నాలుగేసి తీసుకుని పో.

ట్రైనింగ్‌లో పగలు ఫోన్ చేతికియ్యరు. సాయంత్రం ఇస్తే ఇచ్చినట్టు. ఫోన్ రాకపోతే ఏదో అయిందని అనుకోవద్దని ముందే చెప్పు. రేంజి ఉన్న దినాలు రాత్రి కూడా కుదరదు. నీ దుకాణం తాళాలు, ఎవరి ఫోన్ ఎవరిదో రాసిన పుస్తకం, ఇచ్చిన అడ్వాన్సులు ఆమెకు అప్పజెప్పు. కస్టమర్ వచ్చి నా ఫోన్ ఏదంటే ఆమె తడుముకోకూడదు.

బ్యాంకు లెఫ్టినెంట్:

నేను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగిని, టీఏలో ఆఫీసర్‌ని. పద్మగారు చెప్పిన దానికి తోడుగా ఆ ఉత్తర్వు సంగతి చెప్తాను, టీవీలో సగమే చెప్పారు.

2025 మే 6న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు అది. 1948 టెరిటోరియల్ ఆర్మీ రూల్స్‌లో 33వ రూలు కింద, అవసరమైన కాపలాకి గానీ రెగ్యులర్ ఆర్మీకి సాయంగా గానీ టీఏ ఆఫీసర్లనీ జవాన్లనీ పిలిచే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇచ్చారు. ఉన్న 32 ఇన్‌ఫెంట్రీ బెటాలియన్లలో 14ని ఎంబాడీ చెయ్యడానికి, అంటే పూర్తికాలం డ్యూటీకి పిలవడానికి, వీలు కల్పించారు. ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 దాకా అమల్లో ఉంటుంది. అంటే అందరినీ ఆ రాత్రే సరిహద్దుకి తోలెయ్యడం కాదు. అలాగని ఉత్తమాట కూడా కాదు. 1962, 1965, 1971 మూడు యుద్ధాల్లోనూ టీఏ యూనిట్లు పనిచేశాయి, శ్రీలంకకీ వెళ్లాయి. మీ శ్రీమతికి ఈ రెండూ కలిపి చెప్పండి.

ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. సేవకి పిలిచినప్పుడు వెళ్లి తిరిగొచ్చిన మనిషిని యజమాని మళ్లీ పనిలోకి తీసుకోవాలని టెరిటోరియల్ ఆర్మీ చట్టం 7ఏ సెక్షన్ చెప్తుంది. ప్రైవేటు కంపెనీల హెచ్ఆర్ వాళ్లలో చాలామందికి ఆ సెక్షన్ ఉందనే తెలియదు. కాపీ ప్రింటు తీసి, యూనిట్ ఇచ్చిన లెటర్‌తో కలిపి ముందే ఇవ్వండి, క్యాంపు దగ్గర పడ్డాక కాదు. సొంత దుకాణం ఉన్న మీకు ఆ సెక్షన్ అక్కరకి రాదు, మీకు పద్మగారి సలహానే చట్టం.

డబ్బు విషయం తేటగా ఉండాలి. ట్రైనింగ్‌లో ఉన్న రోజులకీ, ఎంబాడీ అయిన రోజులకీ రెగ్యులర్ ఆర్మీ జవానుతో సమానంగా జీతభత్యాలు వస్తాయి. ఇంటి దగ్గర ఉన్న నెలలకి రావు. పింఛను రావాలంటే జవానుకి ఎంబాడీ అయి చేసిన సర్వీసే 15 ఏళ్లు ఉండాలి, ఆఫీసర్‌కి 20. దీన్ని పర్మనెంట్ ఉద్యోగం లెక్కన చూపించి ఎవరైనా అప్పు తీసుకోమంటే తీసుకోవద్దు. దుకాణం వదలకండి. దుకాణం ఉన్నవాడు కావాలనే టీఏ పెట్టారు. 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారి గారు ప్రారంభించినప్పటి నుంచీ ఊహ ఇదే. తన బతుకు తాను బతుకుతూ, అవసరానికి యూనిఫాం వేసుకునే పౌరుడు కావాలి.

ఆఫీసర్ ఎంట్రీ గురించి ఎవరికైనా అనుమానాలుంటే వేరే థ్రెడ్ పెట్టండి, వివరంగా రాస్తాను. డిగ్రీ, 18 నుంచి 42 ఏళ్ల వయసు, చేతిలో ఒక సంపాదన ఉండాలి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ, ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు), మెడికల్ దాటాలి. చేరిన మొదటి ఏడాది నెల బేసిక్ ట్రైనింగ్, ఏటా రెండు నెలల క్యాంపు, తొలి రెండేళ్లలో మూడు నెలల పోస్ట్ కమిషనింగ్ ట్రైనింగ్ ఉంటాయి.

గజ్వేల్ క్యాడెట్:

హవల్దార్ సార్, పది కిలోమీటర్ల మాట వెనక్కి తీసుకుంటున్న. ఒకటి అడుగుత, క్యాంపు అయినంక ఇంటికొస్తం గద. మళ్ల ఏడాదికి పోయేసరికి మర్చిపోమా?

హవల్దార్ గజపతినగరం:

మంచి ప్రశ్న బాబూ. మర్చిపోతాం. క్యాంపు మొదటి రోజు పాతవాళ్లని నిలబెట్టి ఖోల్‌నా జోడ్‌నా చెయ్యమంటే ఎవరు ఇంటి దగ్గర మనసులో తలుచుకున్నారో, ఎవరు వదిలేశారో చేతులే చెప్పేస్తాయి. ఇంటి దగ్గర రైఫిల్ ఉండదు, ఉండకూడదు. అందుకని మేమొక నోటుబుక్ పెట్టుకునేవాళ్లం. విడిభాగాల వరస, ఫీల్డ్ సిగ్నల్స్, సంత్రీకి ఇచ్చే ఆర్డర్లు, సొంత చేతిరాతతో. నేను నీళ్లు పెట్టడానికి పొలం వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చుని చదివేవాణ్ని. పొలంలోంచి రోడ్డు మీద పోయే బస్సు ఎన్ని మీటర్లో అనుకుని తర్వాత అడుగులతో కొలిచేవాణ్ని. వారానికి రెండు పరుగులు మానకూడదు. నలభై దాటాక మరీ.

జనగామ తమ్ముడూ, నీ కన్ను విషయం. బెంగ వద్దు, ప్రతి బ్యాచ్‌లో నీలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ముందు నీ మాస్టర్ కన్ను, అంటే గురికి ముందుండే కన్ను, ఏదో తేల్చుకో. రెండు కళ్లూ తెరిచి, చెయ్యి చాపి, దూరంగా ఉన్న కరెంటు స్తంభానికి బొటనవేలు అడ్డం పెట్టు. ఇప్పుడు ఎడమ కన్నుని అరచేత్తో కప్పు. వేలు స్తంభం మీదే ఉంటే నీది కుడి కన్ను. పక్కకి జరిగిపోతే ఎడమ కన్ను. కుడి అయితే నీకు అసలు ఇబ్బందే లేదు, అలవాటయ్యే దాకా రెండు కళ్లూ తెరిచి శిస్త్ తీసుకున్నా కుదురుతుంది. మైక్రోస్కోపు కింద సోల్డరింగ్ చేసేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు నీకు ఎలాగూ ఉంటుంది, అది అక్కడ బాగా పనికొస్తుంది. ఎడమ కన్ను ఒక్కటే మూయడం రోజూ అద్దం ముందు కాసేపు చెయ్యి. మొదట్లో చెంప కూడా లేస్తుంది, వారం పది రోజుల్లో రెప్ప ఒక్కటే కదలడం వస్తుంది.

ఒకవేళ మాస్టర్ కన్ను ఎడమ అని తేలితే దాచుకోకు. వెపన్ ట్రైనింగ్ మొదటి క్లాసులోనే ఉస్తాద్‌కి చెప్పు. రేంజి రోజున చెప్తే ఆయన చెయ్యగలిగింది ఏమీ ఉండదు, ముందే చెప్తే నీ పక్కన కూర్చుని దారి చూపిస్తాడు. వెళ్లేటప్పుడు ఒక మంచి తాళం, సూదీ, ఖాకీ దారం, నల్ల పాలిష్, రెండు బ్రష్షులు తీసుకెళ్లు. తాళం రెండో చెవి మీ ఆవిడ దగ్గర కాదు, నీ మెడలో దారానికి ఉండాలి.

జనగామ మొబైల్స్:

చూసిన అన్నా. కుడి కన్నే.

హవల్దార్ గజపతినగరం:

శుభం. ఇక బూట్లు కొనుక్కో.

నంద్యాల పద్మ:

మీ ఇంటామెకు నా నంబరు కావాలంటే మెసేజ్ పెట్టమను తమ్ముడూ. క్యాంపులున్న నెలల్లో మేము నలుగురైదుగురం ఆడవాళ్లం రాత్రి పూట మాట్లాడుకుంటుంటాం.